పొగ పైపు వాటం

వీడు స్టీరింగ్ ఒక్క చేత్తో తిప్పుతాడు. రెండో చెయ్యి గేరు రాడ్ మీద తీరిగ్గా పడి ఉంటుంది, అత్తారింట్లో దిండుకు ఆనుకున్న కొత్త అల్లుడిలాగా. జబల్ అఖ్దర్ కొండ దిగేటప్పుడు లో గేరులోనే దిగాలని, బ్రేకు తొక్కుతూ పోతే కింద పోలీసు పోస్టు చేరేలోపే చక్రాలు కాలిన కంపు కొడతాయని నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం, లైసెన్సు టెస్టు మూడుసార్లు తప్పినవాడి తెలివి పక్క సీటుకే పనికొస్తుంది. గణపతి మొదటిసారే పాసయ్యాడు. ఆ రోజు బహ్లాలో మా రూమ్‌లో వీడు పంచిన లడ్డూ నేనూ తిన్నాను, తింటూ మనసులో ఈ దేశం పోలీసులకు కళ్లు లేవా అనుకున్నాను. ఇప్పుడు కిటికీ అవతల ఎండ రాళ్ల మీద నుంచి పైకి పాకిపోతోంది, మూడున్నరకే లోయ సగం నీడలో పడింది, జనవరి చలి డోరు సందులోంచి మోకాళ్లకు తగులుతోంది, అయినా నాకు లోపల వెచ్చగానే ఉంది. ఎందుకంటే పైన సైఖ్‌లో ఒక విల్లాలో వీడు పెట్టిన పొగ పైపును, వీడు చూడకుండా, నేను సరిచేసి వచ్చాను. వీడికి ఆ సంగతి ఇంకా తెలియదు. రేపు పొద్దున ఛాయ్ దగ్గర, సూపర్‌వైజర్ కమ్రాన్ ముందు, నలుగురూ ఉండగా చెప్పాలి. తొందరపడి ఇప్పుడే చెప్పకూడదని పెదవులు బిగపట్టుకుని కూర్చున్నాను.

మూడేళ్ల కింద వీడు జగిత్యాల నుంచి దిగినప్పుడు రేకు ఎటు కత్తిరించాలో తెలియదు. కత్తెర పట్టుకుంటే వేళ్లు కోసుకునేవాడు. ఉస్తాద్, ఉస్తాద్ అని నా వెనకే తిరిగేవాడు, నా డబ్బా మోసేవాడు, నేను నమిలి ఊసిన మాటను కూడా తలకెత్తుకునేవాడు. ఏసీ పైపుకు వాటం ఎట్లా పెట్టాలో నేనే నేర్పాను. మట్టం కొయ్య మర్చిపోయిన రోజున సగం నీళ్లున్న సీసాను పైపు మీద అడ్డంగా పడుకోబెట్టి, చూడు, నీళ్లు ఎటు పోతే అటే దిగుడు, లోపలి నుంచి బయటికి ఎప్పుడూ దిగుడే ఉండాలె అని చూపించాను. పద్దెనిమిదేళ్లుగా ఈ దేశంలో నా అన్నం అదే. బహ్లాలో, నిజ్వాలో, ఖబూరాలో సముద్రం పక్క షాపుల్లో, నేను పెట్టిన పైపు నుంచి ఒక్క చుక్క ఇంట్లో కారిందని ఏ అర్బాబూ, ఏ యజమానీ ఫోన్ చెయ్యలేదు. మరి మొన్న గ్యాస్ హీటర్ల ట్రైనింగ్‌కు మస్కట్ పంపాల్సి వచ్చినప్పుడు కమ్రాన్ ఎవరిని పిలిచాడు? వీడిని. ఇంగ్లీషు చదువుతాడట. నాలుగు రోజులు అల్ ఖువైర్‌లో చల్లటి గదిలో కూర్చుని, మధ్యాహ్నం బిర్యానీ తిని, ఫోటో ఉన్న సర్టిఫికెట్ పట్టుకొచ్చాడు, కమ్రాన్ దాన్ని ఆఫీసు గోడకు కొట్టాడు. ఏకు మేకై కూర్చోవడం అంటే ఇదే. అప్పటి నుంచి నేను ఉస్తాద్‌ను కాను, కాకాను అయ్యాను. ఉస్తాద్ అన్న పిలుపు ఇప్పుడు సైట్‌లో బెంగాలీలు వీడికి పెట్టారు. కాకా అంటే మర్యాద తక్కువేమీ కాదు, మా ఊళ్లో తండ్రి తర్వాత తండ్రి, కానీ ఆ మాట విన్నప్పుడల్లా నన్ను ఎవరో పనిలోంచి లేపి అరుగు మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది. నాకు వీడంటే ఓర్వలేనితనం, నిజం. దాచి ఎవరిని మోసం చెయ్యాలి? నిద్రలో కూడా వీడి గురక నా గురక కన్నా హాయిగా వినిపిస్తుంది.

మళ్లీ మలుపు. కింద ఖర్జూర తోటలు కనిపించి మాయమయ్యాయి. పొద్దున ఇదే దారిలో ఎక్కేటప్పుడు వీడు హుషారుగా ఉన్నాడు, వెనక ట్రాలీలో పైపులు గలగలమంటుంటే ఈల వేశాడు. ఆ విల్లా అర్బాబుది మస్కట్‌లో పెద్ద ఉద్యోగం, ఆయన తల్లి బహ్లాలో ఉంటుంది, ఆ ముసలావిడకు కొండ మీద ఉండాలని కోరిక, కొండ మీద చలికాలం నీళ్లు గడ్డకడతాయి, అందుకని ఎక్కడి నుంచో గ్యాస్‌తో ఇల్లంతా వెచ్చబెట్టే ఈ మెషిన్ తెప్పించాడు. ఈ ఎండల దేశంలో ఇంటిని వెచ్చబెట్టే పని ఎవరు చేశారు? వీడు చేశాడు. పైపుకూ చెక్క సీలింగుకూ మధ్య జానెడు ఖాళీ వదలాలన్నాడు. జాయింటుకు మూడు స్క్రూలు తప్పవన్నాడు, రెండు చాలు కదరా అంటే వినలేదు. గోడలో రంధ్రానికి ఇనుప చట్రం వేసి, అవతల పైపును నిలువుగా లేపి, కప్పు దాటి నడుమెత్తు పైకి తీసుకుపోయాడు, కిటికీ దగ్గరగా ఉండకూడదట. నేను పట్టీలు అందించాను. పద్దెనిమిదేళ్ల ఉస్తాద్‌ను, పట్టీలు అందించాను. అన్నీ అయ్యాక మెషిన్ ముట్టించి, ఆ ఇంట్లో పనిచేసే శాంతమ్మను అడిగి లుబాన్ సాంబ్రాణి పొగ వేసే మట్టి పాత్ర తెప్పించాడు. దాన్ని మెషిన్ నోటి దగ్గర పట్టగానే పొగ చక్కగా లోపలికి పోయింది, ఒక్క పోగు కూడా బయటికి రాలేదు. శాంతమ్మ నోరు తెరిచి చూసింది. కడప మనిషి, పదేళ్లుగా అర్బాబు ఇళ్లలో చేస్తోంది, ఎవర్నీ ఊరికే మెచ్చుకునే రకం కాదు. "అబ్బ, ఏం పనోడివి నాయనా, పొగ నీ మాట ఇంటాండాదే" అంది. తర్వాత ఇద్దరికీ గుడ్ల కూర పెట్టింది, వీడికి రెండు గుడ్లు, నాకు ఒకటి. "పెద్దాయనా, నువ్వు వేడి చేసేవి శానా తినకూడదులే" అంది. నాకు నలభై ఎనిమిది. గిన్నెలు తీసేటప్పుడు మెషిన్ ఆగిపోతే ఎవరికి చెప్పాలని తన నంబరు వీడి ఫోన్‌లో కొట్టింది. నా ఫోన్ కూడా చేతిలోనే ఉంది, అడగలేదు.

ఆ తర్వాతే జరిగింది. వీడు కప్పు మీద పైపు చివరి టోపీని మళ్లీ బిగించడానికి నిచ్చెన ఎక్కాడు. నేను మెషిన్ గదిలో ఒక్కడినే ఉన్నాను. తలెత్తి పైపు చూశాను, మెషిన్ దగ్గర కిందికి ఉంది, గోడ దగ్గర పైకి ఉంది. అంటే బయటి నుంచి లోపలికి దిగుడు. నేను నేర్పిన మొదటి పాఠమే తప్పాడు! నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పైన వీడికి వినిపిస్తుందేమోనని భయపడ్డాను. సర్టిఫికెట్ గోడకు కొట్టించుకున్నవాడు, బెంగాలీల ఉస్తాద్, వాటం తప్పాడు. అప్పుడే పిలిచి చెప్పవచ్చు. చెప్పలేదు. చెబితే ఇద్దరి మధ్య మాటగా పోతుంది, ఎవడికీ తెలియదు. మెషిన్ మీది నిలువు పైపు స్క్రూలు మూడూ తీసి, నాలుగు వేళ్లంత పైకి లాగి, మళ్లీ బిగించాను. మెషిన్ వైపు పట్టీని ఎత్తాను, గోడ వైపు పట్టీని కిందికి దించాను. పైపు ఇప్పుడు మెషిన్ నుంచి గోడ దాకా నున్నగా దిగుతోంది, నా పైపులన్నీ దిగినట్టే. చేతులు తుడుచుకుని బయటికి వచ్చేసరికి వీడు నిచ్చెన దిగుతున్నాడు. "అయిపోయింది కాకా, పోదామా" అన్నాడు. పోదాం అన్నాను, ఎంత ప్రేమగా అన్నానో.

రేపటి దాకా ఆగలేకపోయాను. దాచుకున్న బెల్లం ముక్కలాగా మాట గొంతులో అడ్డంగా ఉంది, కొంచెం బయటికి తీసి రుచి చూడాలనిపించింది. "గణపతీ, ఆ పైపు మెషిన్ దిక్కు వాలినట్టు పెట్టినవ్ గదా, నీళ్లు లోపలికి రావా?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఏ నీళ్లు కాకా?"

"పైపులకెళ్లి అచ్చే నీళ్లు."

నవ్వితే బాగుండేది, నవ్వితే తిట్టేవాడిని. వీడు నవ్వలేదు, నాకు అర్థం కావాలని మెల్లగా చెప్పాడు. "గది ఏసీ పైపు గాదు కాకా. అండ్ల పోయేది పొగ. నీళ్లకు దిగుడు గావాలె, పొగకు ఎక్కుడు గావాలె. మెషిన్ కాడికెళ్లి గోడ దాంక ఎక్కుకుంటనే పోవాలె. జర దిగినా పొగ మల్ల ఇంట్లకే అస్తది. మస్కట్ల నాలుగు రోజులు గదే చెప్పిండ్రు. దానికి రంగుండదట, వాసనుండదట. పండుకున్నోళ్లు పండుకున్నట్టే పోతరట."

మలుపు తిరిగింది. పొగ పైకి పోతుంది. పాలు తాగే పిల్లకు తెలుసు. మా అమ్మ కట్టెల పొయ్యి ముట్టిస్తే పొగ పెంకుల సందుల్లోంచి పైకి పోయేది, దూలం కింద నల్లగా మసి వేలాడేది, నేను పుట్టిందే ఆ పొగలో. అయినా నా చేతులకు తెలియదు. పద్దెనిమిదేళ్లు నీళ్లనే నడిపిన చేతులు, పైపు కనపడితే చాలు బయటికి దించుతాయి. ఆ సంగతి వీడికి తెలిసింది, నాకు తెలియలేదు, అదీ మంట. మనుషులు చచ్చిపోతారు అన్న మాట విన్నాక కూడా నాకు ముందు వచ్చింది భయం కాదు, వీడు మళ్లీ గెలిచాడన్న కోపం. ఎంత నీచుడిని నేను. అరే, ఏమీ కాదులే అనుకున్నాను. నాలుగు వేళ్ల తేడాకు ఏమవుతుంది, కిటికీలు ఉంటాయి, తలుపులు ఉంటాయి. సైఖ్‌లో జనవరిలో కిటికీ ఎవడు తెరుస్తాడు? పొద్దున నేనే కదా గుడ్డలు కుక్కి కిటికీ సందులు మూసింది, చలి వస్తోందని. శాంతమ్మ పక్క ఎక్కడ వేసుకుంటుంది? మెషిన్ గది పక్కనే, ఆ సన్నటి గదిలో. ఈ రోజు నుంచి వెచ్చగా నిద్రపోతానని నాతోనే అంది. పెద్దాయనా అన్నందుకు ఆమె మీద నాకు కోపం ఉంది, కానీ ఇంత కోపం లేదు. చెబుదాం. చెబితే? కాకా, నువ్వెందుకు ముట్టుకున్నవ్ అని అడుగుతాడు. ఏం చెప్పాలి? నీ మీద కుళ్లుతో అని చెప్పాలా? వచ్చే నెల నా వీసా రెన్యువల్ ఉంది. వయసు మళ్లినవాళ్లను ఇంటికి పంపించాలని కమ్రాన్ సాకు వెతుకుతున్నాడు, అందరికీ తెలుసు, నన్ను చూస్తే మోకాళ్లు ఎట్లున్నాయి అని అడుగుతాడు, ప్రేమతో కాదు. వీడికి చెప్పకుండా నేనే శాంతమ్మకు ఫోన్ చేసి ముట్టించవద్దని చెబితే? నంబరు లేదు. నంబరు వీడి ఫోన్‌లో ఉంది. వీడి ఫోన్ వీడి చొక్కా జేబులో, గుండె మీద ఉంది.

ఎదురుగా తెల్లటి బండి పైకి వస్తోంది. మలుపు దగ్గర వీడు మర్యాదగా పక్కకు తీసి దారి ఇచ్చాడు. అర్బాబు బండి. ముందు సీట్లో ముసలావిడ, నల్ల శాలువా గడ్డం దాకా కప్పుకుని, పొగమంచులోకి చూస్తున్న పిల్లలాగా కొండను చూస్తోంది. అర్బాబు అద్దం దించి గణపతికి చెయ్యి ఊపాడు. గణపతికే. నేను కూడా చెయ్యి ఎత్తాను, అప్పటికే అద్దం మూసుకుంది. బండి వెళ్లిపోయింది, వెనక అద్దంలో చిన్నదైపోతోంది. ఇంకో అరగంటలో వాళ్లు ఇల్లు చేరతారు. వాళ్లకేమన్నా అయితే పేరు ఎవరిది పోతుంది? పైపు పెట్టింది గణపతి. సర్టిఫికెట్ గణపతిది. పోలీసులు వచ్చినా ముందు పట్టుకునేది గణపతినే. నేను పట్టీలు అందించినవాడిని, పెద్దాయనను, నన్ను ఎవడు అడుగుతాడు? ఈ ఆలోచన వచ్చింది, ఒక మలుపు పొడుగునా నా దగ్గరే ఉంది, దాన్ని వెళ్లగొట్టలేదు. గోడ మీద సర్టిఫికెట్ ఊడిపోవడం చూశాను. బెంగాలీలు మళ్లీ నన్ను ఉస్తాద్ అనడం విన్నాను. ఆ పిలుపు ఎంత తియ్యగా ఉందో కూడా చూశాను. అంతలో శాలువాలో ఆ ముఖం గుర్తొచ్చింది, చలికి ముక్కు ఎర్రబడిన ముఖం. మూడు పానాలు. ఓర్వలేనివాడికి కూడా ఒక హద్దు ఉంటుంది, లేకపోతే వాడు మనిషే కాదు.

"బండి ఆపు," అన్నాను.

"ఏమైంది కాకా, కడుపుల తిప్పుతాందా?"

"ఆపురా! పైపు నేను మలిపిన. నువ్వు మీదికెక్కినప్పుడు. బయటికి దించిన."

వీడు బండిని రాళ్ల పక్కకు తీసి ఆపాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. వీడు జేబులోంచి ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. బండి దిగి, పైకి పరిగెత్తి, ఒక బండ మీద నిలబడి చెయ్యి ఎత్తి చూశాడు, నేను కూడా వెనకే పరిగెత్తాను, మోకాళ్లు నొప్పెడుతున్నా పరిగెత్తాను. రింగ్ అయింది. స్పీకర్ పెట్టాడు.

"అక్కా, గణపతిని. హీటర్ ముట్టియ్యకు."

"ఇంగేడ ముట్టీకుండా నాయనా, పెద్ద మేడమ్ వస్తాండాదని మీరట్ల పోంగానే ఏసి పెట్టినా. ఇల్లంతా ఎచ్చగా ఉండాది. నాకే ఎందుకో తల దిమ్ముగా ఉండాది, పండుకుందామని చూస్తాండా."

వీడి ముఖం తెల్లబోయింది, గొంతు మాత్రం మారలేదు. "పండుకోవద్దక్కా. ముందు ఎర్ర మీట ఆర్పు. ఆర్పినవా? ఇప్పుడు తలుపు తెరువు, బయటికి నడువు, ఎండల గూసో. కిటికీలు నేనచ్చి తెరుస్త. అర్బాబు అస్తాండు, ఆయనను గూడ లోపలికి పోనియ్యకు. నేను అస్తున్న." ఆమె చెప్పులు గచ్చు మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది, తలుపు తీసిన చప్పుడు, గాలి. దగ్గింది. "యాడికీ పోవద్దక్కా, మాట్లాడుకుంటనే ఉండు" అని వీడు ఆమెతో ఏవేవో మాట్లాడించాడు, ఏ ఊరు, ఎందరు పిల్లలు, గుడ్ల కూరలో ఏం వేసినవ్ అని. ఆమె గొంతు మెల్లమెల్లగా మామూలైంది, కూరలో ధనియాల గురించి కోపంగా చెప్పడం మొదలుపెట్టింది. నేను బండ కింద రాళ్ల మీద కూలబడిపోయాను. బతికింది. నేను ఏడుస్తున్నానని ముక్కు కారితే గానీ తెలియలేదు. ఆ ఏడుపులో కూడా, ఆమెను నేను బతికించి ఉంటే బాగుండేదన్న ఆశ ఒకటి దొంగలాగా దాక్కుని ఉంది.

బండి తిప్పి పైకి ఎక్కుతున్నాం. సగం దూరం ఎక్కేసరికి కమ్రాన్ ఫోన్. అర్బాబు ఇల్లు చేరి, తలుపులు బార్లా తెరిచి ఎండలో కూర్చున్న శాంతమ్మను చూసి, కమ్రాన్‌కు ఫోన్ చేశాడట. కమ్రాన్ అరుపులకు స్పీకర్ అక్కర్లేదు. పైపు ఎవరు తప్పు పెట్టారు, పేరు చెప్పు, ఆ మనిషిని రేపే ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తాను అంటున్నాడు. గణపతి నా వైపు చూడలేదు, రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "మేరీ గల్తీ హై భాయ్. స్లోప్ మైనే గలత్ దియా."

తన తప్పేనట. నా రెన్యువల్ సంగతి వీడికి తెలుసు, అందుకే. వీడికి సర్టిఫికెట్ ఉంది, వయసు ఉంది, ఒక తిట్టుతో పోతుంది, నాకైతే పోదు, అంతా క్షణంలో లెక్క చూసుకుని నన్ను కాపాడుతున్నాడు. నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించాలి. పెట్టాలనిపించలేదు. ఒళ్లు భగ్గుమంది. రేకు పని తీసుకున్నావు, ఉస్తాద్ పిలుపు తీసుకున్నావు, రెండు గుడ్లు తిన్నావు, ఆమె ప్రాణం నిలబెట్టావు, ఇప్పుడు మంచితనం కూడా నీకే కావాలా? జీవితాంతం ఈ మలుపు గుర్తొచ్చినప్పుడల్లా నేను నీ దయ తిని బతికినవాడిని కావాలా? వీడి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. బండి ఒక్కసారి వంకర పోయి సర్దుకుంది.

"కమ్రాన్ భాయ్, భూమయ్య బోల్ రహా హూఁ. గణపతి ఝూట్ బోల్తా హై. పైప్ మైనే బిగాడా. ఉస్కా కామ్ సహీ థా. ఏక్‌దమ్ సహీ థా."

వీడు అబద్ధమాడుతున్నాడని, పైపు చెడగొట్టింది నేనేనని చెప్పేశాను. వీడి పని సరిగ్గా ఉందని ఈ మూడేళ్లలో నేను ఏ ఒక్కరికీ చెప్పలేదు. అవతల కమ్రాన్, అరవకుండా, రేపు పొద్దున ఎగ్జిట్ కాగితం మీద సంతకం పెట్టడానికి ఆఫీసుకు రమ్మని చెప్పి పెట్టేశాడు. అరిచినా బాగుండేది. ఫోన్ వీడి ఒడిలో పడేశాను.

"ఎందుకు చెప్పినవ్ కాకా?" వీడు బండి నెమ్మది చేశాడు. "నేను జూసుకుందును గదా."

"నువ్వు జూసుకున్నయి సాలు," అన్నాను. "నా తప్పన్న నాకు ఉండనియ్యిరా."